ఇద్దరికీ కలపాలి

లెక్కల పుస్తకం రాసేవాళ్ళకి ఒక లోకం ఉంటుంది. ఆ లోకంలో తండ్రికి తన వయసెంతో తెలియదు గాని, కొడుకు వయసుకి ఎన్ని రెట్లో మాత్రం ఠకీమని చెబుతాడు. బజారుకెళ్ళినవాడు అరటిపళ్ళూ నారింజపళ్ళూ కొని, ఏవి ఎన్ని కొన్నాడో మరిచిపోయి, రెండూ కలిపి ఎన్నో గుర్తుపెట్టుకుని ఇంటికొస్తాడు. ఇంట్లో వాళ్ళు వాణ్ణి పల్లెత్తు మాట అనరు. పెన్సిలు తీసుకుని 'ఎక్స్ అనుకొనుము' అని మొదలుపెడతారు.

గంగారత్నానికి ఆ లోకం మొదట్లో నవ్వు తెప్పించింది. చాలా కాలం తర్వాత వచ్చిన నవ్వు కాబట్టి అది కాస్త తుప్పుపట్టిన తలుపులా కిర్రుమంది. పక్కనున్న తెరేసమ్మ ఉలిక్కిపడి చూసింది కూడా.

వాళ్ళున్నది బెజవాడ సత్యనారాయణపురంలో, రైలు కట్ట పక్కనున్న ఒక పాత మేడ. మొగుడు పోయినవాళ్ళు, మొగుడు వదిలేసినవాళ్ళు, తామే మొగుణ్ణి వదిలేసి వచ్చి పైకి అలా చెప్పనివాళ్ళు, ఇలాంటి ఆడవాళ్ళని ఓ ఇరవైమందిని చేర్చుకుని, తిండి పెట్టి, పదో తరగతి పరీక్షకి కట్టిస్తున్నారు. దాన్ని కండెన్స్‌డ్ కోర్సు అంటారు. ఏళ్ళ తరబడి చదవాల్సిన చదువుని కాచి కాచి కోవా చేసి ఒక్కసారే మింగించడమన్నమాట. కొందరికి అరుగుతుంది, కొందరికి అరగదు.

గంగారత్నం వచ్చింది దివిసీమ నుంచి. నాగాయలంక అవతల, సముద్రం మీద వేటతో బతికే పల్లె. మేనమామ నాగాయలంకలో చేపల వ్యాపారం పెట్టుకోబట్టి అక్కడ ఎనిమిదో తరగతి దాకా చదివింది. పదిహేనో ఏట పెళ్ళయింది. పదహారు నిండేసరికి ఒళ్ళో కూతురు. అత్తగారి పేరు కలిసొచ్చేలా అంకాలమ్మ అని పెట్టారు. మొగుడి పేరు పెద్దబ్బాయి, పిల్లకి మాటలు రాకముందే కామెర్లతో పోయాడు. ఆ తర్వాత ఇంట్లో తల్లీ కూతురూ ఇద్దరే. డెబ్భై ఏడులో ఉప్పెన వచ్చినప్పుడు కూతురు పోయింది, తల్లి మిగిలింది. పిల్లకి తొమ్మిదేళ్ళు.

ఈ సంగతి ఆ మేడలో ఎవరికీ తెలియదు. ఉప్పెనలో ఊరు పోయిందని తెలుసు. పిల్లలున్నారా అని ఎవరో అడిగితే, లేరంది. అది అబద్ధం కాదు. ఉప్పెన తర్వాత నెలల తరబడి ఎవరెవరో వచ్చి, మీ ఇంట్లో ఎంతమంది పోయారమ్మా అని అడిగి, రాసుకుని, అయ్యో పాపం అని వెళ్ళారు. అందరూ మంచివాళ్ళే. కాని అడిగిన ప్రతివాడికీ చెప్పీ చెప్పీ, తన కూతురు తన నోట్లోనే అరిగిపోతున్నట్టు అనిపించింది ఆమెకు. అందుకని ఇక చెప్పడం మానేసింది. మానేశాక తెలిసింది, కూతురి పేరు పలకడానికి తన చుట్టుపక్కల ఇంకెవరూ లేరని.

పరీక్ష పాసయితే నర్సు ట్రెయినింగుకి పంపిస్తామన్నారు. తప్పితే అన్న ఎల్లారావు దగ్గరికి పోవాలి. ఎల్లారావు మంచివాడు, వదిన అంతకంటే మంచిది. ఇల్లే మంచిది కాదు. బందరు దగ్గర గిలకలదిండిలో, సముద్రానికి కూతవేటు దూరంలో ఉంది. ఉప్పెన తర్వాత కొన్నాళ్ళు అక్కడే ఉంది గంగారత్నం. పుట్టినప్పటి నుంచీ జోలపాటగా విన్న ఆ హోరు ఇప్పుడు వింటుంటే ముద్ద దిగలేదు, కన్ను మూతపడలేదు. ఆ ఇంటికి మళ్ళీ వెళితే పిచ్చిదాన్నయిపోతానని ఆమెకు నిశ్చయంగా తెలుసు. బెజవాడలో నీళ్ళకేం కొదవలేదు, ఊరంతా కాలవలే. కాని కాలవ అరవదు.

మిగతా సబ్జెక్టులు ఎలాగో ఈదుకొచ్చేది. ఎటొచ్చీ లెక్కలే.

లెక్కలు చెప్పేది వెంకటసుబ్బారావు మాష్టారు. హైస్కూల్లో రిటైరయి, ఊరికే కూర్చోలేక సైకిలు మీద వచ్చి పాఠం చెప్పి పోయేవారు. పొడుం అలవాటు. బోర్డు మీద సుద్దపొడీ, పంచె మీద ముక్కుపొడుమూ పడి, పాఠం అయ్యేసరికి ఆయనే ఒక లెక్కలా చిక్కుపడి కనిపించేవారు. కేకలేస్తారు గాని మనసులో ఏమీ పెట్టుకోరు. రెండు నెలలు చూసి గంగారత్నానికి ఒక సంగతి తేల్చి చెప్పారు. జ్యామితి నీకు ఈ జన్మలో రాదు, ఆ త్రిభుజాల జోలికి పోవద్దు, రాతలెక్కలు పట్టుకో, అవే నిన్ను గట్టెక్కిస్తాయి అని. రాతలెక్కలంటే కథలా చెప్పి జవాబు అడిగేవి. తెలియనిదాన్ని ఎక్స్ అనుకుని, కథలో చెప్పినట్టే ఒక సమీకరణం రాసి, ఎక్స్ ఎంతో తేల్చాలి.

అవి ఆమెకు నిజంగానే పట్టుబడ్డాయి. పళ్ళ లెక్కలు వచ్చాయి, రెండంకెల సంఖ్య తారుమారు చేసే లెక్కలు వచ్చాయి. నిశ్చల జలంలో పడవ వేగమెంత అనే లెక్క దగ్గర మాత్రం, నిశ్చలంగా ఉండే నీళ్ళు ఎక్కడుంటాయండీ అని అడిగింది. పుస్తకంలో ఉంటాయన్నారు మాష్టారు. సరేనని పుస్తకం నీళ్ళ మీద పడవ నడిపి, జవాబు కరెక్టుగా ఒడ్డుకి చేర్చింది.

తర్వాత వయసుల లెక్కలు వచ్చాయి.

మొదటి లెక్క చాలా తేలిక. తల్లి వయస్సు నలభై, కూతురి వయస్సు పది, ఎన్ని సంవత్సరముల తరువాత తల్లి వయస్సు కూతురి వయస్సుకు రెట్టింపు అగును? గంగారత్నం తలెత్తకుండా చేసి పలక చూపించింది. అన్ని సంవత్సరాలకూ ఎక్స్ అనుకుంది. తల్లికి ఎక్స్ కలిపింది. కూతుర్ని పదేళ్ళ దగ్గరే ఉంచింది. పదికి రెట్టింపు ఇరవై. నలభైకి ఎంత కలిపితే ఇరవై అవుతుంది? మైనస్ ఇరవై కలిపితే అవుతుంది. అదే రాసింది.

మాష్టారు పలక చూసి, అందరూ వినేలా అన్నారు. "ఎన్నేళ్ళ తర్వాత అని అడుగుతుంటే ఇరవయ్యేళ్ళు వెనక్కి పోతావేమిటమ్మాయ్? అప్పటికి ఆ పిల్ల పుట్టనేలేదు. తల్లికి కలిపినప్పుడు పిల్లకీ కలపాలి. కాలం ఇద్దరికీ ఒకటే."

క్లాసులో అందరూ నవ్వారు. గంగారత్నం కూడా నవ్వి, తుడిచేసి, మళ్ళీ చేసింది. మళ్ళీ తల్లికే కలిపింది.

తెలియక కాదు. తెరేసమ్మ చెబితే తెలిసింది, మాష్టారు చెబితే ఇంకా బాగా తెలిసింది. తండ్రీ కొడుకుల లెక్కయితే చక్కగా ఇద్దరికీ కలిపేది. అన్నదమ్ముల లెక్కయినా అంతే. తల్లీ కూతుళ్ళ లెక్క వచ్చేసరికి, తల్లి పక్కన కూడిక గుర్తు వేసిన చెయ్యే కూతురి దగ్గరికి వచ్చి ఆగిపోయేది. ఆ లెక్కల్లో తల్లులందరూ ముసలివాళ్ళవుతూ ఉండేవాళ్ళు, కూతుళ్ళు మాత్రం ఉన్నచోటే ఉండేవాళ్ళు. జవాబులన్నీ మైనస్‌లే. చూసి చూసి ఆమెకు అవే సబబుగా తోచసాగాయి. ముందుకి పోతే ఏముంది? తల్లీ కూతురూ మళ్ళీ కలిసి ఉండాలంటే వెనక్కే గదా పోవాలి.

ఆదివారాలు ఆ మేడకి చూడవచ్చేవాళ్ళ రోజు. తెరేసమ్మది ఉయ్యూరు. మొగుడు ఇంకో ఆమెతో పోతే, పిల్ల మణెమ్మని తల్లి దగ్గర వదిలి చదువుకొచ్చింది. ఆ పిల్లని అమ్మమ్మ బస్సులో తీసుకొచ్చేది. సంచీలో చెరుకు ముక్కలు తెచ్చేవాళ్ళు. పిల్ల వచ్చిన ప్రతిసారీ తెరేసమ్మ సూది తీసుకుని కూర్చునేది. ఎదిగే పిల్ల కదా అని పరికిణీకి ముందే మడిచి కుట్టి ఉంచిన టక్కు ఒకటి విప్పేది. పరికిణీ ఒక వేలెడు పొడుగయ్యేది. పాత కుట్టు ఉన్నచోట గుడ్డ వెలవకుండా, కొత్తగా, ముదురు రంగులో చారలా కనిపించేది. గంగారత్నం ఆ చార ఒకసారి చూసింది. ఆ తర్వాత ఆదివారం వస్తే డాబా మీదకి పోయి, ఉతికిన బట్టలే మళ్ళీ ఉతుక్కునేది. కింద అందరికీ ఎవరో ఒకరున్నారు. పైన ఆమెకు బకెట్టు ఉంది. బందరు రైలు పోతున్నప్పుడు బకెట్టులో నీళ్ళు వణికేవి, ఆమె పని ఆపి అవి కుదుటపడే దాకా చూస్తూ కూర్చునేది. అంత ఒంటరితనం ఆమె ఉప్పెన మర్నాడు కూడా ఎరగదు. ఆ మర్నాడు పక్కన ఏడ్చేవాళ్ళయినా ఉన్నారు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒకరోజు పాఠం అయిపోయి అందరూ లేచి వెళుతుంటే, మాష్టారు ఆమెను ఉండమన్నారు. ఎదురుగా బల్ల మీద ఆమె పలకలో మళ్ళీ అదే తప్పు ఉంది. ఆయన ఆ రోజు కేకలెయ్యలేదు. అన్ని లెక్కలూ చేస్తావు, ఇదొక్కటే ఎందుకు రాదో నాకు అంతుపట్టడం లేదు, నేను చెప్పడంలో ఏమైనా లోపం ఉందా అని అడిగారు. నిజంగానే బాధపడుతూ అడిగారు. ఆ బాధ చూసి, ఆయన పాఠానికి తన వల్ల మాట రాకూడదని, ఆమె చెప్పింది.

"మీ లోపం కాదండి. మా పిల్లకి తొమ్మిదేళ్ళండి. ఉప్పెనలో అక్కడే ఆగిపోయింది. నాకు మాత్రం ఏళ్ళు పడతానే ఉన్నాయి. పిల్లకి కలపబోతే నా చెయ్యాడటల్లేదండి."

మాష్టారు పొడుం డబ్బా తీశారు, తెరిచారు, పీల్చకుండానే మూసేశారు. లెక్కలు చెప్పడం తప్ప ఇంకేమీ చేతగాని మనిషాయన. ఇంట్లో వాళ్ళూ ఆ మాటే అంటారు. సరేనమ్మా, ఆ వయసుల లెక్కలు వదిలెయ్, పేపర్లో వచ్చినా ఛాయిస్‌లో పోతుందిలే అన్నారు.

మర్నాటి నుంచి ఆయన క్లాసులో వయసుల లెక్క చెప్పడమే మానేశారు. ఎవరైనా అడిగితే అయిపోయాయి కదా అనేవారు. పొరపాటున తల్లి అని బోర్డు మీద రాస్తే, గబుక్కున తుడిచి తండ్రి అని దిద్దేవారు. అలా దిద్దుతూ ఓరకంట గంగారత్నాన్ని చూసేవారు. తెరేసమ్మకి కూడా చెప్పినట్టున్నారు, ఆ ఆదివారం ఆమె పిల్లని తీసుకుని గేటు బయటికి వెళ్ళి కూర్చుంది. అందరూ గంగారత్నం చుట్టూ మునివేళ్ళ మీద నడవసాగారు. వాళ్ళ దయకి లోటు లేదు. కాని ఇంతకు ముందు ఆమె తప్పు చేస్తే నలుగురూ నవ్వేవాళ్ళు, ఆ నవ్వులో ఆమె కూడా ఉండేది. ఇప్పుడు ఆ నవ్వు కూడా పోయింది.

ఏప్రిల్‌లో పరీక్షలు. బెజవాడ ఎండ గురించి కొత్తగా చెప్పేదేముంది, కొండలు కాలి ఊరిని పెనం మీద వేస్తాయి. గాంధీనగరంలో ఒక ఆడపిల్లల స్కూలు సెంటరు. జడలు వేసుకున్న చిన్నపిల్లల మధ్య ఈ పెద్ద ఆడవాళ్ళు బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు.

గంగారత్నం లెక్కల పేపరు అటూ ఇటూ తిప్పి చూసింది. పళ్ళ లెక్క లేదు. పడవ లెక్క లేదు. ఎక్కువ మార్కులున్న రాతలెక్క ఒక్కటే ఉంది. ఒక తల్లి వయస్సు ఆమె కూతురి వయస్సునకు మూడు రెట్లు. తొమ్మిది సంవత్సరముల తరువాత తల్లి వయస్సు కూతురి వయస్సునకు రెండు రెట్లు అగును. వారి ప్రస్తుత వయస్సులు ఎంత? దీనికి ఛాయిస్ ఉంది, మాష్టారు చెప్పినట్టే. ఛాయిస్‌లో ఉన్నది త్రిభుజం.

వచ్చినవన్నీ ముందు చేసేసింది. చేసినవాటికి మార్కులు వేసుకుని చూసుకుంది. ఎంత ఉదారంగా వేసుకున్నా పాసు అందలేదు. ఈ ఒక్క లెక్క అందితే అందుతుంది. లేకపోతే గిలకలదిండి.

కూతురి ప్రస్తుత వయస్సు ఎక్స్ అనుకొనుము. తల్లి వయస్సు మూడు ఎక్స్. తొమ్మిదేళ్ళ తరువాత అంటున్నాడు కాబట్టి తల్లికి తొమ్మిది కలిపింది. కూతురి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి తన అలవాటు తాను చేసుకుపోయింది. మూడు ఎక్స్ ప్లస్ తొమ్మిది, రెండు ఎక్స్‌కి సమానం. అటువి ఇటు, ఇటువి అటు వేస్తే ఎక్స్ తేలింది.

మైనస్ తొమ్మిది.

ఇంతకు ముందు లెక్కల్లో మైనస్ వచ్చింది ఏళ్ళకి. వెనక్కి పోయే ఏళ్ళు. ఈసారి మైనస్ వచ్చింది పిల్ల వయసుకి. కూతురి వయస్సు మైనస్ తొమ్మిది అని తన చేత్తో తనే రాసింది. ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయింది గంగారత్నం. తొమ్మిది అంకె సరిగ్గానే ఉంది, తన పిల్లదే. దాని ముందు అడ్డగీత ఉంది. తొమ్మిదేళ్ళు అన్నం తిని, అలిగి, జ్వరాలు పడి, తడి ఇసకలో తిరిగిన పిల్ల. దాన్ని తీసుకెళ్ళి, అసలు పుట్టడానికే ఇంకా తొమ్మిదేళ్ళున్న పిల్లని చేసింది ఎవరు? ఉప్పెన కాదు. ఉప్పెన అంతకు ముందు ఏళ్ళని తీసుకుపోలేదు, ఆ బతికిన ఏళ్ళు అలాగే ఉన్నాయి. వాటిని కొట్టేసింది తన చెయ్యే. పిల్లని పోనివ్వకుండా పట్టుకున్నాననుకుని, ఉన్న తొమ్మిదేళ్ళూ లేకుండా చేసింది.

ఆమెకు కోపం వచ్చింది. తన మీదో, ప్రశ్న రాసినవాడి మీదో, సముద్రం మీదో తెలియదు. ఆ వరసంతా అడ్డంగా కొట్టేసింది. కింద మళ్ళీ రాసింది. తల్లికి తొమ్మిది కలిపింది. కూతురి ఎక్స్ దగ్గరికి వచ్చి, బ్రాకెట్టు తెరిచి, కాస్త ఆగి, దానికీ తొమ్మిది కలిపి బ్రాకెట్టు మూసింది. చెయ్యి బరువుగా ఉంది గాని ఆడింది. ఇప్పుడు ఎక్స్ తొమ్మిది. అడ్డగీత లేదు. కూతురి ప్రస్తుత వయస్సు తొమ్మిది, తల్లి వయస్సు ఇరవయ్యేడు. ఆ తల్లి వయసే తన వయసు కూడా.

అక్కడితో వదిలెయ్యొచ్చు. కాని సరిచూడకపోతే మార్కు పోతుందని మాష్టారు గోలపెట్టేవారు. సరిచూచుట అని రాసి కింద గీత గీసింది. తొమ్మిది సంవత్సరముల తరువాత తల్లి వయస్సు ముప్ఫయ్యారు. తొమ్మిది సంవత్సరముల తరువాత కూతురి వయస్సు పద్దెనిమిది.

పద్దెనిమిదేళ్ళ అంకాలమ్మ ఎలా ఉంటుందో చూద్దామని కళ్ళు మూసుకుంది. పొడుగు వచ్చింది. జడ వచ్చింది. నడకలో విసురు వచ్చింది, అది వాళ్ళ నాన్నది. మొహం మాత్రం రాలేదు. ఎంత వెతికినా ఆ పొడుగు మీద తొమ్మిదేళ్ళ మొహమే ఉంది. ఆ పిల్ల ఎలా ఉండేదో ఇక ఎప్పటికీ తనకు తెలియదని అప్పుడు తెలిసి, గంగారత్నం బెంచీ మీద తల వాల్చి, చప్పుడు కాకుండా ఏడ్చింది. ఇన్విజిలేటరమ్మ పేపరు కష్టంగా వచ్చిందేమో అనుకుని, ఊరుకోమ్మా, సెప్టెంబరు ఉందిగా అని ఓదార్చింది.

సెప్టెంబరు దాకా అవసరం రాలేదు. ఆత్రం ఉన్నవాళ్ళ కోసం ముందే చెప్పెయ్యడం మంచిది. ఆ వేసవిలోనే గంగారత్నం లెక్కల్లో అంచు మీద నడిచినట్టు పాసయింది, నర్సు ట్రెయినింగుకి వెళ్ళింది. అది తర్వాతి సంగతి.

ఆ రోజు గంట కొట్టాక బయటికి వస్తే, గేటు పక్కన మాష్టారు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరి దగ్గరో ప్రశ్నపత్రం తీసుకుని అప్పటికే చూసినట్టున్నారు, మొహం పాలిపోయి ఉంది. వదిలెయ్యమని తను చెప్పిన లెక్కే వచ్చింది. గంగారత్నాన్ని చూడగానే ఏదో అడగబోయి, అడగలేక, మళ్ళీ పేపరులోకి చూశారు. ఆమే దగ్గరికి వెళ్ళింది. ఆ లెక్క చేశానని చెప్పింది.

కూతురికి ఎంతొచ్చిందని ఆయన అడగాలి. అడిగితే గాని ఒప్పో తప్పో తెలియదు. ఆ ముక్క ఆయన నోట రాలేదు. చివరికి చుట్టూ తిరిగి అడిగారు.

"ఇద్దరికీ కలిపావా?"

"కలిపానండి. పిల్లకి తొమ్మిది వచ్చింది."

ఒప్పేనని ఆయన తలూపారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషించాలో వద్దో ఆ పెద్దాయనకి తెలియడం లేదు. గంగారత్నం ఆయన చేతిలో పేపరు వంక చూస్తూ, గొంతు పెంచకుండా అంది.

"ఇన్నాళ్ళూ నాకు లేనిది తొమ్మిదేళ్ళ పిల్ల ఒక్కతేననుకున్నానండి మాష్టారూ. కలిపాక తెలిసింది. ఇక్కణ్ణుంచి పదేళ్ళ పిల్ల లేదు, పదకొండేళ్ళ పిల్ల లేదు, రేపు పెళ్ళీడు పిల్ల లేదు. ఏడాదికొకళ్ళు లేకుండా పోతారండి నాకు."

మాష్టారు ప్రశ్నపత్రం నాలుగు మడతలు పెట్టారు. తర్వాత, ఎండ ఎక్కువగా ఉంది, నీడపట్టున నడవమని చెప్పి సైకిలెక్కారు.